టార్జాన్‌ది ఏ ఊరు?

మా అన్న పుట్టింది వీపనగండ్లలో కాదు. అమ్మానాయిన మేస్త్రీ వెంట పోయిన పుణె సైట్ దగ్గర, రేకుల గుడిసెలో. బడి రిజిస్టర్‌లో మాత్రం పుట్టిన ఊరు వీపనగండ్ల. "సొంతూరే కద, ఏమైతది" అని నాయిన రాయించిండు. పాలమూరు వలస ఇళ్లల్లో ఇదేం పెద్ద విషయం కాదు.

1932లో వచ్చిన 'టార్జాన్ ది ఏప్ మ్యాన్' మొన్న మళ్లీ చూస్తుంటే ఈ సంగతి గుర్తొచ్చింది. కారణం సినిమా కన్నా అందులో టార్జాన్ వేసిన జానీ వైస్‌ముల్లర్.

అతను పుట్టింది 1904లో, అప్పటి హంగేరీ రాజ్యంలోని ఫ్రైడార్ఫ్‌లో. ఇప్పుడది రొమేనియా. ఇంట్లో మాట జర్మన్. ఏడు నెలల పసివాడిగా ఓడలో అమెరికా చేరాడు. ముందు పెన్సిల్వేనియాలో విండ్‌బర్ అనే బొగ్గుగనుల ఊరు, తర్వాత షికాగో. 1922లో వంద మీటర్ల ఈత 58.6 సెకన్లలో ముగించాడు. నిమిషం లోపు ఈదిన మొదటి మనిషి అతనే.

1924 పారిస్ ఒలింపిక్స్‌కి అమెరికా తరఫున పోవాలంటే అమెరికా పాస్‌పోర్టు కావాలి. తమ్ముడు పీటర్ విండ్‌బర్‌లోనే పుట్టాడు. ఆ తమ్ముడి పుట్టుకను తనదిగా చూపించి వైస్‌ముల్లర్ పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. మూడు బంగారు పతకాలు గెలిచాడు. తూర్పు, దక్షిణ యూరప్ నుంచి వచ్చేవాళ్లను బాగా తగ్గించి, ఆసియా వాళ్లకు దాదాపు తలుపు మూసేసిన వలస చట్టం మీద సంతకం పడింది ఆ ఏడాదే, మే నెలలో. జూలైలో అతను ఈదాడు.

ఇది తెలిశాక సినిమా వేరేలా కనబడింది. ఎడ్గర్ రైస్ బరోస్ నవలలో టార్జాన్ ఇంగ్లిష్ ప్రభువు కొడుకు. పుస్తకాలు చూసి తనకు తానే చదవడం నేర్చుకుంటాడు, తర్వాత ఫ్రెంచి మాట్లాడతాడు. సినిమా అదంతా తీసేసింది. ఇతనెవరు, ఎక్కడ పుట్టాడు, అమ్మానాన్నలెవరు? ఒక్క ముక్క చెప్పదు. మాటలు కూడా ఏవో కొన్నే. షికాగో వీధుల్లో పెరిగి శుభ్రంగా ఇంగ్లిష్ మాట్లాడే మనిషి చేత తన పేరు, జేన్ పేరు తడుముకుంటూ పలికించారు. స్టూడియోకి ఒళ్లు కావాలి, ఈత కావాలి. వెనకున్న ఊరు అక్కర్లేదు. ఈ సినిమాలో నాకు నిజంగా అనిపించింది అదొక్కటే, అదీ తీసినవాళ్లకు తెలియకుండా పడింది.

అలాగని సినిమాను మాఫ్ చేయలేను. అందులో ఆఫ్రికా మూటలు మోయడానికి, చావడానికే ఉంది. ఓ మోతకూలి లోయలో పడిపోతే, తెల్లవాళ్లలో ఒకడు అడిగేది ఆ మూటలో ఏముందని. కూలీల ఇంట్లో పుట్టినోణ్ని, ఆ సీన్ దగ్గర నేను ఆపేసి, కాసేపు బయట తిరిగొచ్చిన.

ఇంకోటి. వైస్‌ముల్లర్ అబద్ధం నిలబడింది అతను తెల్లగా ఉన్నాడు కాబట్టే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కి, 'నువ్వు తెల్లవాడివి కాదు' అంటూ 1923లో అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వం కాదంది. థింద్ దాచిపెట్టింది ఏమీ లేదు. ఒకవేళ విండ్‌బర్‌లో ఆయనకో తమ్ముడు పుట్టి ఉన్నా, ఆ కాగితం ఆయన ముఖానికి అతికేది కాదు. వైస్‌ముల్లర్‌ని 'అమెరికా కల' అని మెచ్చుకునేవాళ్లు ఈ సగం వదిలేస్తారు. తప్పు కాగితం అందరికీ ఒకేలా పనిచేయదు.

పోయిన నెల దుబాయి పని కోసం అన్న పాస్‌పోర్టు ఫారం నేనే నింపిన. పుట్టిన ఊరు దగ్గర ఆగిన. అన్నకు నా అనుమానం అర్థం కాలేదు.

"వీపనగండ్ల అని రాయి. పుణెలో మనకెవరున్నరు?"