పేరులేని చాకిరీ, పేరుపెట్టిన భాష

ఊహాలోకాలు కట్టుకునే సరదా కొందరికి ఉంటుంది. ముందు పటం గీస్తారు. తర్వాత దేవుళ్లు, రాజులు, పండుగలు వస్తాయి. ఆఖరికి ఆ మనుషులు ఏ భాషలో మాట్లాడుకోవాలన్న ప్రశ్న ఎదురవుతుంది. అక్కడే భాషాశాస్త్రం చదివితే బాగుండుననిపిస్తుంది. చదవమనే నేనూ అంటాను. వ్యాకరణంలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో చూడటం అలవడుతుంది.

సుజెట్ హేడెన్ ఎల్గిన్ (1936-2015) స్వయంగా భాషాశాస్త్రవేత్త. అమెరికాలో ఆ శాస్త్రాన్ని బోధించారు. 1982లో స్త్రీల కోసం లాదన్ అనే భాషను తయారుచేయడం మొదలుపెట్టారు. 1984లో వచ్చిన ఆమె నవల ‘నేటివ్ టంగ్’లో స్త్రీలు ఓటుహక్కు కోల్పోయి, చట్టం ముందు మైనర్లయిపోతారు. భాషావేత్తల కుటుంబాల్లోని స్త్రీలు మగవాళ్ల కంటపడకుండా తమకంటూ ఒక భాష అల్లుకుంటారు. అదే లాదన్. నవలలో మగపాత్రలు దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అది లోపమే. భాష దగ్గర మాత్రం రచయిత్రి చూపు చాలా పదునైనది.

లాదన్‌లో ‘రదీదిన్’ అని ఒక మాట ఉంది. పేరుకు పండుగ, నిజానికి తలుచుకుంటేనే భయమేసే చాకిరీ. ఇంటినిండా చుట్టాలు, చెయ్యి సాయం చేసేవాళ్లు ఒక్కరూ లేరు. సంక్రాంతినాడు పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పేరు లేనంతకాలం ఆమె బాధ సణుగుడుగానే లెక్క.

లాదన్ వాక్యం చివర ఒక గుర్తు వస్తుంది. ఆ సంగతి స్వయంగా చూసి తెలుసుకున్నదా, నమ్మకమైనవాళ్లు చెప్పిందా, నమ్మలేనివాళ్లు చెప్పిందా అన్నది అది తేల్చేస్తుంది. మనకు ‘ట’ ఉంది. ‘మొగుడు కొట్టాడట’ అన్నప్పుడు ఆమె మాటను నమ్మామో లేదో చెప్పకుండానే తప్పుకోవచ్చు. లాదన్‌లో ఆ వెసులుబాటు లేదు.

మన వ్యాకరణం ఏకవచనంలో స్త్రీని అమహత్తుల్లో చేర్చింది. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. మర్యాదకు ‘వచ్చారు’ అంటే తప్ప, లేదా నలుగురైతే తప్ప, క్రియలో ఆమెకు మనిషి స్థానం లేదు. కొత్త లోకం కట్టేవాళ్లు పుట్టింటి భాషను ఈ కంటితో చూసి తీరాలి.

ఎల్గిన్ పదేళ్లు గడువు పెట్టుకుని చూశారు. స్త్రీలు లాదన్‌ను అందుకోలేదు. స్టార్‌ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఒక్రాండ్ తయారుచేసిన యోధుల భాష క్లింగాన్‌కు మాత్రం నేర్చుకునేవాళ్లు దొరికారు.

నా పేచీ మరొకచోట ఉంది. ‘స్త్రీల అనుభవం’ ఒక్కటేనన్న నమ్మకం మీద లాదన్ నిలబడింది. రదీదిన్ ఇంటావిడ మాట. అదే పండుగనాడు పెరట్లో ఆ ఇంటి అంట్లన్నీ తోమి, చీకటిపడ్డాక తన ఇంటికి చేరే స్త్రీకి ఈ మాట చాలదు. ఆమె చాకిరీలో కూలీ ఉంది, కులం ఉంది, ఇంటావిడ గొంతూ ఉంది. మన స్త్రీవాదాన్ని దళిత స్త్రీలు నిలదీసింది కూడా ఇక్కడే.

కాబట్టి భాషాశాస్త్రం వైపు చూస్తున్న అమ్మాయిలూ, తప్పక చదవండి. మీ ఊహాలోకపు నిఘంటువులో పండుగ అన్న మాటకు అర్థం రాసేముందు, ఆ రోజు అంట్లు ఎవరు తోముతున్నారో అడగండి.