సిలువ ఎంత ఎత్తు?

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మన చర్చిల్లో యేసు సిలువమీద పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఏటా వినే వాక్యాలే. అయినా దాహం గురించిన ఐదో మాట దగ్గరికి వచ్చేసరికి నాలో ఓ చిల్లర ప్రశ్న తలెత్తుతుంది: చిరకలో ముంచిన స్పంజీ ఆయన నోటిదాకా ఎలా అందింది?

యోహాను 19వ అధ్యాయంలో దాన్ని హిస్సోపుకు తగిలించి అందించారు. హిస్సోపు చిన్న పొద. మరువం జాతి మొక్కే అయివుంటుందని చాలామంది పండితుల ఊహ. కాడ మహా అయితే రెండు మూరలు. మత్తయి, మార్కు మాత్రం రెల్లుకర్ర అన్నారు. పస్కా గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకు పూసింది హిస్సోపుతోనే కనుక, ఆ సంగతి గుర్తుచేయడానికే యోహాను దాని పేరు రాశాడనేవారూ ఉన్నారు. పుల్ల ఏదైనా, నేలమీద నిలబడ్డ మనిషి చెయ్యి చాపి అందించాడు. అంటే మనం బొమ్మల్లో చూసే తాటిచెట్టంత సిలువ కాదది. దగ్గర నిలబడ్డ తల్లితో, శిష్యుడితో ఆయన మాట్లాడగలిగిన ఎత్తు.

ఇంతకీ ఆ చిరక కుండ అక్కడెందుకుంది? పులిసిన ద్రాక్షారసం రోమా సిపాయిలు మామూలుగా తాగేదే. సిలువ దగ్గరున్న నలుగురు సిపాయిలూ ఆయన బట్టలు నాలుగు వాటాలు వేసుకున్నారు, కుట్టులేని అంగీకి చీట్లు వేశారు, కాపలా కూర్చున్నారు. వాళ్లకది ఆ రోజు డ్యూటీ.

మేకుల విషయంలోనూ బొమ్మలకూ వాక్యానికీ తేడా ఉంది. సిలువ వేసే ఘట్టంలో ఏ సువార్తలోనూ వాటి ప్రస్తావన లేదు. యోహాను 20వ అధ్యాయంలో శిష్యుడు తోమా నోట వినిపిస్తుంది. 1968లో యెరూషలేము ఉత్తరాన గివత్ హమివ్తార్‌లోని సమాధిలో సిలువ శిక్ష పడ్డ యెహోహానాన్ అనే మనిషి ఎముకల పెట్టె బయటపడింది. అందులోని మడమ ఎముకకు 11.5 సెంటీమీటర్ల ఇనుప మేకు దిగివుంది. కొన వంగిపోయి ఊడిరాలేదు. అది దిగింది పాదం పైనుంచి కాదు, మడమ పక్కనుంచి.

ఇలాంటి ఆరాలు భక్తికి చేటని కొందరంటారు. నేనొప్పుకోను. సువార్తికులు ఇవేవీ వివరించలేదంటే, సిలువ శిక్ష ఎలా ఉంటుందో ఆనాటి చదువరులకు ఒకరు చెప్పనక్కర్లేదు గనుక. మనకు తెలియదు, కాబట్టి అడగాలి. ఈసారి యోహాను 19వ అధ్యాయం తెరిచినప్పుడు, గోడమీది పటాన్ని కాసేపు మరిచి చదవండి.