నల్ల వైరు సంగతి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు వైపు మునిగిన ఊళ్లకు పడవే దిక్కు. ఆ పడవేమో ఎండాకాలమంతా టార్పాలిన్ కింద పడుంటుంది. వానలకు తీసి తాళం తిప్పితే ‘టక్’ మని ఊరుకుంటుంది. ఇక అందరిదీ ఒకటే మాట: బ్యాటరీ పోయింది.

నేనైతే బ్యాటరీని ఆఖర్న అనుమానిస్తాను. లారీకి ఛాసిస్సే ఎర్త్. చెక్క పడవకు, ఫైబర్ పడవకు ఆ వసతి లేదు. కరెంటు వెళ్లడానికి ఎర్ర వైరు ఎంత అవసరమో, తిరిగి రావడానికి నల్ల వైరూ అంతే. ఎర్ర వైరును పట్టిపట్టి చూసేవాళ్లు నల్లదాని జోలికే పోరు.

మీటరు చూసి బోల్తా పడేదీ ఇక్కడే. కేబుల్లో ఒక్క పోగు మిగిలున్నా, సెల్ఫ్ కొట్టనంతసేపూ మీటరు 12.6 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. కొట్టగానే కరెంటు పదుల ఆంపియర్లలో కావాలి, ఆ పోగు వల్ల కాదు. అందుకే ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (క్లాంపుకు కాదు, పోస్టుకే), రెండోది ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టమంటాను. అర వోల్టు దాటిందా, లోపం ఆ దారిలోనే. రెండో పిన్నును వెనక్కి, లగ్గుకు, కేబుల్‌కు, క్లాంపుకు జరుపుకుంటూ వస్తే అంకె ఎక్కడ పడిపోతుందో అక్కడే దొంగ.

వైరును బాడీకి తాకించి నిప్పురవ్వ చూసే ఆటో మెకానిక్ అలవాటు మాత్రం పడవలో పనికిరాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగునే పేరుకుంటుంది.

నిరుడు ఒక పడవలో ఇలాగే వెతికితే ఇంజిన్ వైపు లగ్గు దగ్గర తేలింది. పైకి నిగనిగలాడుతోంది. చుట్టిన టేపు విప్పితే లోపల తడి. (టేపు చుట్టి చేతులు దులుపుకునే మన పద్ధతి నీళ్లను ఆపదు, దాచిపెడుతుంది.) అడుగున నిలిచిన నీళ్లు పోగుల సందుల్లోంచి పైకి పాకాయి. చిలుము పట్టిన రాగి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త లగ్గు నొక్కించి, గ్రీజు పూశాను. పాత బ్యాటరీతోనే ఇంజిన్ ఒక్క దెబ్బకు అందుకుంది.

“కొత్త బ్యాటరీ కొన్నంక చెప్తివి గదన్నా,” అన్నాడు పడవతను.

“ఉండనీ తమ్మీ, నీళ్లు తోడే పంపుకు కడదాం.”