టెంక పాతితే రసం రాదు

మంచి మామిడిపండు తిని, ఆ టెంకను పెరట్లో పాతితే అదే రకం చెట్టు వస్తుందని మనలో చాలామంది నమ్మకం. రాదు. మామిడి పూత మీద ఈగలు, పురుగులు వాలి ఏ చెట్టు పుప్పొడిని ఏ చెట్టుకు మోసుకుపోతాయో ఎవరికీ తెలియదు. కేరళ, కొంకణ తీరంలోని కొన్ని రకాల టెంకలు మాత్రం ఒకేసారి నాలుగైదు మొలకలు వేస్తాయి, వాటిలో తల్లిని పోలినవీ ఉంటాయి. మన చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, సువర్ణరేఖ ఒంటి మొలక జాతులు. టెంక నుంచి వచ్చేది కొత్త చెట్టు, చాలాసార్లు పుల్లటి పీచుకాయ. అంటే ఇవాళ ఉన్న ప్రతి చిన్న రసం చెట్టూ ఎప్పుడో ఏ తోటలోనో పుట్టిన ఒకే ఒక్క చెట్టు తాలూకు కొమ్మ. చేతి నుంచి చేతికి, కత్తి నుంచి కత్తికి అంటుగా సాగుతూ మన దాకా వచ్చింది. బీర, సొర విత్తనాలనైతే ఆరబెట్టి బూడిద కలిపి కుండలో పెట్టి మరుసటి కారు దాకా దాచుకోవచ్చు. మామిడి టెంక నెల తిరిగేసరికి మొలకశక్తి పోగొట్టుకుంటుంది. మామిడి రకాన్ని దాచుకోవాలంటే బతికున్న చెట్టు ఉండాలి, దానికి అంటు కట్టగల మనిషి ఉండాలి.

ఆ మనిషి పనితనం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పాత పద్ధతి సామీప్య అంటు. ఏడాది వయసు, పెన్సిలంత లావు ఉన్న నాటు టెంక మొక్కను కుండీతో సహా తల్లి చెట్టు దగ్గరికి మోసుకుపోతారు. కొమ్మ ఎత్తున ఉంటే పందిరి కట్టి కుండీని పైకెక్కిస్తారు. మొక్క కాండానికీ, తల్లి కొమ్మకూ రెండంగుళాల మేర బెరడు, దానితో పాటు పల్చగా చెక్క చెక్కి, ఆ రెండు గాయాల్నీ ముఖాముఖి ఆనించి కట్టేస్తారు. బెరడుకూ చెక్కకూ నడుమ కంటికి సరిగా ఆనని పచ్చి పొర ఒకటి ఉంటుంది. అతుకంతా అక్కడే. ఆ పొర ఆ పొరకు తగలకపోతే ఎంత బిగించి కట్టినా వృథా. అందుకే నేర్పరి కత్తి ఒక్క వేటుతో నున్నగా దిగుతుంది. రెండోసారి చెక్కితే గాయం అలలు తేలుతుంది, సందులో గాలి చేరుతుంది. రెండు మూడు నెలలకు అతుక్కున్నాక కూడా తొందరపడరు. తల్లి కొమ్మను ముందు సగానికి గాటు పెట్టి, కొన్నాళ్లాగి ఇంకాస్త లోతుగా కోసి, ఆ తర్వాతే పూర్తిగా వేరుచేస్తారు. పాలు మాన్పించే తల్లి చేసేదీ అదే. ఇప్పుడు చాలా నర్సరీల్లో నడిచేది వెనీర్ అంటు, అంటే తల్లి చెట్టు నుంచి పుల్ల కోసి తెచ్చి మొక్కకు అతికించడం. అందులోనూ ఒక మెలకువ ఉంది. కోయబోయే పుల్లకు వారం పదిరోజుల ముందే ఆకులు తుంచేసి కాడలు మాత్రం ఉంచుతారు. ఆ కాడలు రాలేసరికి మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. కడియం నర్సరీల్లో ఈ పని చేసే వేళ్ల వేగం చూసి తీరాల్సిందే. లక్నో దగ్గరి మలీహాబాద్‌లో హాజీ కలీముల్లా ఖాన్ ఒకే చెట్టు మీద మూడు వందలకు పైగా రకాలు కట్టారు. ఆయనకు 2008లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి చేతులకు అది తక్కువే అనాలి.

ఈ రకాల పుట్టుక గురించి చెప్పేవన్నీ వినికిడి మాటలే. బంగినపల్లి నవాబులంటారు, నూజివీడు జమీందారులంటారు. పోనివ్వండి. కె.సి. నాయక్, గంగోలీ 1950లో దక్షిణాది మామిళ్ల మీద అచ్చువేసిన పుస్తకం ఉండబట్టి కొన్ని పేర్లయినా కాగితం మీద నిలిచాయి. నిజానికి జాబితా మన నోళ్లలోనే ఉండాలి: చెరకు రసం, పంచదార కలశం, కొత్తపల్లి కొబ్బరి, పండూరివారి మామిడి, హైదర్ సాహెబ్, ఇమాం పసందు, జలాలు. ఆవకాయకు ఒకటి, తాండ్రకు ఒకటి, కోసుకోవడానికి ఒకటి, జుర్రుకోవడానికి ఒకటి. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను: పండు అంటే రసమే. ముచ్చిక తీసి, మొదటి సొన పిండేసి, నోట పెట్టుకుంటే మోచేతి దాకా కారేదే మామిడి. బంగినపల్లి అభిమానులు నొచ్చుకున్నా సరే, ముక్కలు కోసి ఫోర్కుతో తినే పండును దాని పక్కన నిలబెట్టలేను.

అయితే గెలిచింది బంగినపల్లే. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పీచులేని కండ, లారీలో నలగని ఒళ్లు దానివి. రసం మగ్గితే ఆగదు, దూరప్రయాణం పడదు. రైతు అమ్ముడుపోయేదే వేస్తాడు, అతన్ని తప్పుపట్టడం అన్యాయమని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకుంటాను. తప్పు అతనిది కాదు, పండును పసుపు రంగును బట్టి కొనడం నేర్చుకున్న మనది. ఆ రంగు కోసమే కార్బైడ్ వచ్చింది. పక్వానికి రాని కాయకు ఒక్క రాత్రిలో పసుపు పూస్తుంది, లోపల పులుపు పులుపుగానే ఉంటుంది. చట్టం ఎప్పుడో నిషేధించింది, 2016 నుంచి ఎథిలీన్ వాయువుకు పరిమితులతో అనుమతి కూడా ఉంది. అయినా పొట్లాలు బుట్టల్లోకి చేరుతూనే ఉన్నాయి! చిక్కంతో కాడతో సహా దించి, సొన కార్చి, వరిగడ్డి పరుపుల మధ్య మగ్గబెట్టిన పండు వాసన ఎరగని తరం ఒకటి తయారైంది. సీసాలో మామిడి రసం పేర వచ్చేదానిలో ఎక్కువ భాగం తోతాపురి గుజ్జు, చక్కెర, నీళ్లు. తోతాపురిని నమ్ముకున్న చిత్తూరు రైతు బాగుండాలి, కాని ఆ సీసాను చూసి మామిడి రుచి ఇదేననుకుంటున్న పిల్లలకు ఏం జవాబు చెబుతాం?

అంతకన్నా పెద్ద మోసం అంటు మొక్కలో జరుగుతుంది. ఆకు చూసి రకం పట్టగల కళ్లు బహు కొద్ది. చీటీ మీద ఇమాం పసందు అని రాసి ఏ తోతాపురి మొక్కో అంటగడితే, నాలుగైదేళ్లకు కాపు వచ్చేదాకా కొన్నవాడికి తెలియదు. తెలిసేసరికి అమ్మినవాడు ఎక్కడుంటాడు? కోడూరు, సంగారెడ్డి, నూజివీడు పరిశోధన కేంద్రాల్లో పాత రకాలు భద్రంగానే ఉన్నాయి, కంగారెందుకని కొందరి మాట. ఉన్నాయి, ఆ శాస్త్రవేత్తలకు వందనాలు. కానీ ఒక కేంద్రంలో రెండు చెట్లుగా మిగలడం రకం బతకడమనిపించుకోదు, ఒక్క తుఫాను చాలు. సంకర రకాలు వస్తున్నాయి కదా అన్నది మరో వాదన. సంగారెడ్డి వారి మంజీర మంచిదే, కాని దాని తల్లిదండ్రులు రుమానీ, నీలం. పాతవి పోతే రేపటి సంకరానికి జత ఎక్కడ వెతుకుతారు?

నర్సరీలు తాము పుల్ల కోసే తల్లి చెట్టును కొనేవాడికి చూపించాలి. చూపించనిచోట మొక్క కొనకూడదు. 2001 నాటి చట్టం ప్రకారం రైతులు తమ రకాలను నమోదు చేసుకోవచ్చు. ఊళ్లో పేరున్న ముసలి చెట్టు ఎవరి దొడ్లో ఉన్నా ఉద్యానశాఖే వెతుక్కుంటూ వెళ్లి ఆ పని చేయించాలి. ఇక పాతబడిన తోట చేతిలో ఉన్నవాళ్లు చెట్లను మొదలంటా కొట్టి కలపకు అమ్మనక్కర్లేదు. పెద్ద కొమ్మల్ని తగ్గించి, వచ్చిన కొత్త రెమ్మల మీద పై అంటు కడితే, లేత మొక్క కన్నా ముందే కాపు అందుతుంది. ప్రతి తోటలో రెండు చెట్లు చెరకు రసానికీ, పంచదార కలశానికీ ఇచ్చినా చాలు, పుల్లలకు కరువుండదు.