పావగడ సీమలో పద్యనాటకము

తుమకూరు జిల్లాకు ఈశాన్యపు కొసన, మూడువైపుల ఆంధ్రదేశపు పల్లెలు చుట్టుకొనియుండగా, కోటకొండ నీడలో నిలిచిన పావగడ తాలూకాలో, ఇంట తెలుగును బడిలో కన్నడమును పలుకు కుటుంబములు తరతరములుగా వసించుచున్నవి. నాటకకళ విషయమున ఈ సీమకు అబ్బిన భాగ్యము సామాన్యమైనది కాదు. అదే జిల్లాలోని గుబ్బిలో 1884లో పుట్టిన నాటకసంస్థ వీరణ్ణగారి నాయకత్వమున కన్నడదేశమంతట కీర్తి గడించెను. ఉత్తరమున బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమా సభయు తెలుగు నాటకమునకు పట్టుగొమ్మలై నిలిచెను. ఈ రెండు రంగస్థలముల నడుమనున్న పల్లెలలో తెల్లవార్లు సాగు పౌరాణిక నాటకము కన్నడమున కురుక్షేత్రముగను, తెలుగున కృష్ణరాయబారముగను నేటికిని జనులను కూర్చుండబెట్టుచున్నది.

రూపకములను ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయునవి వస్తువు, నేత, రసము అని దశరూపకకర్త ధనంజయుడు చెప్పెను. అభినయమును ఆంగిక వాచిక ఆహార్య సాత్త్వికములని నాలుగు విధములుగా విభజించిన భరతముని, వాక్కునే నాట్యమునకు శరీరముగా భావించెను. పల్లెనాటకమున ఆహార్యము అద్దెకు దొరకును. కిరీటములు, భుజకీర్తులు, సీను తెరలు అన్నియు ఒకే బండిలో వచ్చి దిగును. ఆంగికము కొంతవరకు చూచి నేర్వవచ్చును. వాచికమొక్కటియే, వేరుసెనగ చేలలో పగలెల్ల పాటుపడి రాత్రివేళ హార్మోనియము ముందు కూర్చుండు యువకునకు, నెలల తరబడి సాధన చేసినగాని పట్టుబడదు. కావున ఈ నాటకమునకు మూలధనమేదియని నన్నడిగినచో, సంకోచింపక, సాహిత్యభాషయే యందును.

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగమున జనులు ‘పడక సీను’ అని ముద్దుగా పిలుచుకొను ఘట్టమును చూడుడు. కథ అందరికిని తెలిసినదే. దుర్యోధనుడు ముందుగా వచ్చి, నిద్రించుచున్న కృష్ణుని తలవైపు ఆసనమున కూర్చుండును. అర్జునుడు వెనుక వచ్చి పాదములకడ నిలుచును. మేల్కాంచిన కృష్ణునకు ముందుగా కనబడువాడు అర్జునుడు. ఒక్క మాటయైన పలుకకమునుపే, ఎన్నుకొన్న తావునుబట్టి ఇరువురి స్వభావములును, రానున్న యుద్ధఫలమును ప్రేక్షకునకు గోచరించుచున్నవి. ఇంతకంటె పొదుపైన రంగనిర్మాణము అరుదు. పిమ్మట వచ్చు కుశలప్రశ్నము, ఏ ఇంటనైన వీధియరుగుపై బావమరదులు పలుకరించుకొను తీరుననే, అన్నదమ్ములను పిల్లలను చుట్టములను పేరుపేరున అడుగుచు సాగును. కాని కవులు దానిని కూర్చినది, వీరరౌద్రములకు ప్రసిద్ధమైన శార్దూలవిక్రీడితమున! పాదాదిని మూడు గురువులు నిలువుగా నిలిచి, మొదటి అక్షరము పదుమూడవ అక్షరముతో యతిమైత్రి పాటించు ఆ గంభీరవృత్తమున ఇంటిమాట ఒదిగినందువలననే, ఆ పద్యము రాజోచితమును ఆత్మీయమును ఒక్కసారిగా అయినది. పండితుడు ఛందస్సును మెచ్చుకొనును, పామరుడు వరుసను గుర్తుపట్టును, ఇరువురికిని ఆనందమే.

రాయబార ఘట్టమున ఈ నేర్పు ఇంకను సూక్ష్మముగా కనబడుచున్నది. సంధిని కోరి కృష్ణుడు సభలో వినిపించు సుప్రసిద్ధ పద్యము ఉత్పలమాల. కోపమే యెరుగని ధర్మరాజునకు కోపము వచ్చిన నాడేమగునో హెచ్చరించునది చంపకమాల. ఈ రెంటికిని భేదము మిక్కిలి స్వల్పము: ఉత్పలమాల పాదాదినున్న గురువును రెండు లఘువులుగా విడదీసినంతనే ఇరువది అక్షరముల పాదము ఇరువదియొకటియై చంపకమాల యగును. అయినను చెవికి ఎంత తేడా! ఉత్పలమాల మొదటి అడుగునే నిలిచి మాటాడును. చంపకమాల నాలుగు లఘువులతో పరుగెత్తి వచ్చి ఆవల గురువును చేరును. అర్జునుని కపిధ్వజమును చూపి యుద్ధమును కన్నులకు గట్టించుటకు మరల శార్దూలమే వచ్చును. వృత్తముల నడకలనే మనోభావములకు మెట్లుగా అమర్చిన ఈ పద్ధతి, నటుడు ఛందశ్శాస్త్రము చదువకపోయినను, వాని ఊపిరికి తానై దారి చూపును.

పాత్రను బట్టి భాష మారవలెనన్నది మనకు ప్రాచీనమైన నియమము. సంస్కృత నాటకములలో రాజు సంస్కృతమును, సేవకుడు ప్రాకృతమును పలుకును. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో వెలువడిన ప్రతాపరుద్రీయమున ఈ పాత్రోచితభాషను తెలుగున ప్రయోగించిరి. అదే యేట అచ్చైన గురజాడవారి కన్యాశుల్కము నిత్యవ్యవహారపు పలుకుబడికే పట్టముగట్టెను. సమకాలపు ఇంటికథకు గురజాడవారి త్రోవయే త్రోవ యని నా దృఢవిశ్వాసము. కాని కృష్ణునిచేత సంతవీధి పలుకు పలికించినచో పురాణకథకు ఎత్తు పోవును. పల్లెనటులు దీనిని వాదము లేకయే గ్రహించిరి: కృష్ణుని నోట గ్రాంథికము, హాస్యగాని నోట కన్నడపు మాటలు కలగలిసిన ఈ సీమ తెలుగు.

ఇక నేర్చు విధానము. కన్నడపు బడిలో చదివినవాడు తెలుగు పద్యమును కన్నడ లిపిలో నోటుపుస్తకమున వ్రాసికొనుట సరిహద్దు పల్లెలలో వింత కాదు. రెండు లిపులును సోదరలిపులు కాన శబ్దమునకు హాని లేదు. ఛందస్సునను బాంధవ్యమే: ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము పంపకవికిని నన్నయకును ఉమ్మడి సొత్తు. రెండవ అక్షరపు ప్రాస ఇరుభాషలకును సమానము. యతిస్థానమున అక్షరమైత్రి తెలుగువారి ప్రత్యేకత. కురుక్షేత్రపు కన్నడ వృత్తమును విని పెరిగిన చెవికి తెలుగు వృత్తము పరాయిదిగా తోచకపోవుటకు కారణమిదియే.

అయితే రాగమునుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పద్యాంతమున ఆలాపనను సాగదీసి ‘ఒన్స్‌మోర్’ కొట్టించుకొనుటే ఘనతయను మోజు మన రంగస్థలమునకు చాల కీడు చేసినది. ధర్మవరమువారి మేనల్లుడు, న్యాయవాదియు మహానటుడునైన బళ్ళారి రాఘవ (1880–1946) ఈ మితిమీరిన గానమును నిరసించి, భావమే నటనకు ప్రాణమని తన అభినయమున చూపెను. గానమును పూర్తిగా వెడలగొట్టవలెనని నేననను. మైకులు లేని కాలమున మైదానపు చివర కూర్చున్న ముసలమ్మ చెవికి అర్థమును మోసికొనిపోయినది ఆ స్వరమే. కాని రాగము అర్థమునకు వాహనము కావలెనుగాని అర్థము రాగమునకు నెపము కారాదు.

అందుచేతనే తెలిసిన డ్రామా మేష్ట్రు మొదటి దినముననే హార్మోనియము తెరువడు. పద్యమును వచనమువలె చదివించును. సంధులను విడదీయించి ఏ పదము ఎచట ముగియునో చెప్పించును. అన్వయమును నటుని సొంత పలుకులలో తిరిగి అడుగును. శ్వాస యతికడ తీయవలెనో అర్థము ముగిసినకడ తీయవలెనో నిర్ణయించును. అర్థము యతిని దాటి ముందునకు పోవు పాదములలో రెండవదానినే ఎన్నుకొనును. ఇన్నియు కుదిరిన పిమ్మటనే, వాని గొంతునకు తగిన శ్రుతి ఏదియో వెదకుటకు మెట్లపై చేయి వేయును.