ముహూర్తం తెలిసిన సన్నాయి

పెళ్ళిపందిట్లో పురోహితుడి చేతిని రెప్పవేయకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటారు. చుట్టూ పలకరింపులు, పిల్లల పరుగులు, భోజనాల హడావిడి ఎంత సాగుతున్నా ఆయన చూపు మాత్రం ఆ చేతిని వదలదు. పురోహితుడు వేలు పైకెత్తి ‘భజంత్రీలు!’ అన్నాడో లేదో, అప్పటిదాకా మంద్రంగా సాగుతున్న రాగాన్ని ఆయన తుంచేసి తారస్థాయిని అందుకుంటాడు. డోలు ఉరుముతుంది. పందిట్లో ఉన్న నూరుమందీ మాటలు ఆపి ఒక్కసారి అటు తిరుగుతారు. జీలకర్రా బెల్లమూ పెట్టేది ఆ క్షణంలోనే, మంగళసూత్రం కట్టేది ఆ ధ్వనిలోనే.

సన్నాయి మేళం గురించి మనం సాధారణంగా చెప్పుకునేది అది శుభసూచకమనీ, అది లేకపోతే పెళ్ళికళ రాదనీ. రెండూ నిజమే. అయితే ఆ మేళం వెనక ఉన్న విద్య గురించి మాట్లాడుకునేది తక్కువ. పెళ్ళిలో వాయించడం కచేరీలో వాయించడం కంటే తేలికైన పని అని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కచేరీలో కాలం విద్వాంసుడి చేతిలో ఉంటుంది. పెళ్ళిలో కాలం ముహూర్తం చేతిలో ఉంటుంది. తన చేతిలో లేని కాలానికి తన రాగాన్ని అమర్చడమే పెళ్ళిమేళం సాధించిన ప్రత్యేక విద్య.

ఊపిరితో స్వరం

మనం సన్నాయి అని పిలుచుకునే నాదస్వరానికి వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. అడుగు భాగాన మరికొన్ని రంధ్రాలుంటాయి. వాటిలో కొన్నిటిని మైనంతో మూసి శ్రుతిని సరిచేసుకుంటారు. పైన నోటికి అందేది పీక. కావేరి ఒడ్డున పెరిగే రెల్లును ఉడికించి, ఆరబెట్టి, చదును చేసి తయారుచేస్తారు. విద్వాంసుడి వాద్యం పైభాగాన దారాలకు వేలాడుతూ కనిపించేవి అలంకారాలని కొందరు పొరబడతారు. అవి విడి పీకలూ, వాటి నోటిని సవరించుకునే పుల్లా. ఒక పీక మెత్తబడితే మరొకటి తగిలించుకోవాలి, అదీ పాట తెగకుండా.

ఏడు రంధ్రాలతో కర్ణాటక సంగీతంలోని గమకాలన్నీ పలకాలంటే వేళ్ళు ఒక్కటే చాలవు. రంధ్రాన్ని సగం మూయడం, పావు మూయడం, పెదవుల పట్టు బిగించడం, సడలించడం, ఊపిరి ఒత్తిడి పెంచడం, తగ్గించడం, ఇవన్నీ ఒకేసారి జరగాలి. నాలుకతో పీకను తాటించి స్వరాన్ని విడగొట్టే పద్ధతిని తుత్తుకారం అంటారు. నాలుక తగలకుండా ఊపిరితో జారుగా సాగించేది అకారం. వేగంగా పరిగెత్తే సంగతులకు మొదటిది, సాగే ఆలాపనకు రెండోది. రెండూ సమపాళ్ళలో కుదిరినవాడి వాద్యం మనిషి గొంతులా మాట్లాడుతుంది.

డోలు విద్య కూడా అంత కష్టమైనదే. పనసకర్ర తొలిచి చేసిన ఆ బరువైన వాద్యాన్ని పట్టీతో భుజానికి తగిలించుకుని ఊరేగింపులో గంటల తరబడి నడుస్తూ వాయించాలి. ఎడమవైపు కర్రతో, కుడివైపు వేళ్ళతో. ఆ వేళ్ళకు గుడ్డనూ పిండిముద్దనూ చుట్టి గట్టిపరిచిన తొడుగులుంటాయి. సన్నాయి ఎక్కడ ఆగబోతోందో డోలుకు ముందే తెలియాలి. లేకపోతే పురోహితుడి సైగకు రెండూ కలిసి లేవవు.

ఏ వేళకు ఏ రాగం

గుడిలో దేవుడు ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి వాయిస్తారు. మల్లారికి సాహిత్యం ఉండదు, లయ విన్యాసమే దాని ప్రాణం. తెల్లవారుజామున భూపాలం, బౌళి, పవళింపుసేవకు నీలాంబరి. గుడి నేర్పిన ఈ క్రమాన్నే మేళం పెళ్ళికి తెచ్చింది. పెళ్ళివారు విడిదికి చేరేటప్పుడు ఉత్సాహంగా నడిచే రాగం, గౌరీపూజ దగ్గర నెమ్మదైనది, వధువును బుట్టలో తెచ్చేటప్పుడు ఆనందభైరవి, తలంబ్రాలప్పుడు చకచకా సాగే కీర్తన. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ఉన్న సీతాకల్యాణ కీర్తన వినిపించని పెళ్ళి మనవైపు అరుదు. చివరికి మధ్యమావతిలో మంగళం. శోకం పలికించే ముఖారిని పందిట్లో ముట్టుకోరు.

ఎప్పుడు ఆగాలో తెలియడం ఇంకా పెద్ద విద్య. ప్రవర చెప్పేటప్పుడు రెండు వంశాల పేర్లు పందిట్లో అందరికీ వినిపించాలి, కాబట్టి మేళం మౌనంగా ఉంటుంది. కన్యాదానం మంత్రాలప్పుడు శ్రుతి మాత్రమే నిలుస్తుంది. సుముహూర్తానికి గట్టిమేళం లేస్తుంది. ఆ వేళ తుమ్మో, ఏడుపో, అశుభమైన మాటో వధూవరుల చెవిన పడకూడదన్నది దాని వెనకున్న నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ ధ్వని చేసే పని ఒకటి కళ్ళకు కనిపిస్తుంది. వంటశాలలో ఉన్నవాళ్ళకు, వాకిట్లో నిలబడ్డవాళ్ళకు, ముహూర్తం ఇదేనని అది చాటి చెబుతుంది. వాళ్ళు ఉన్నచోటనే అక్షతలు వేస్తారు.

అప్పగింతల దగ్గర మంచి విద్వాంసుడి మనసు తెలుస్తుంది. అక్కడ ఆడంబరం పనికిరాదు. అమ్మాయి తల్లి కళ్ళు తుడుచుకుంటుంటే సన్నాయి ఆ ఏడుపును పెంచకూడదు, దాన్ని తోసివేసి హుషారూ చేయకూడదు. ఒక్క రాగాన్ని పలచగా సాగించి, మాటలకు చోటిచ్చి, తాను వెనక్కి తగ్గాలి. ఈ సంయమనం ఏ పాఠశాలా పూర్తిగా నేర్పలేదు. పెద్ద విద్వాంసుల పక్కన శ్రుతి పట్టి, తాళం వేసి, ఎన్నో పందిళ్ళు చూసిన కుర్రాడికే అది అబ్బుతుంది.

పందిరి నుంచి వేదిక దాకా

నాదస్వరాన్ని కచేరీ వేదిక మీద సమున్నతంగా నిలిపినవారిలో అగ్రగణ్యుడు తిరువావడుదురై టి.ఎన్. రాజరత్నం పిళ్ళై. 1898లో పుట్టి 1956లో కన్నుమూసిన ఆయన తోడి రాగాలాపన నేటికీ ఒక కొలమానం. అంతకుముందు ఎక్కువ శ్రుతిలో కీచుగా పలికే పొట్టి తిమిరి వాద్యం వాడుకలో ఉండేది. ఆయన కోసం నరసింగంపేట్టైలో రంగనాథన్ ఆచారి పొడవైన బారి నాదస్వరాన్ని తీర్చిదిద్దాడు. శుద్ధ మధ్యమం అందులో సరిగ్గా పలికింది, నాదానికి గాంభీర్యం వచ్చింది. నరసింగంపేట్టై నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మన నేల నుంచి వెళ్ళిన షేక్ చినమౌలానా కథ ప్రతి తెలుగువాడూ గర్వంగా చెప్పుకోదగ్గది. 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. ఆపైన తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణులకు శిష్యుడయ్యారు. చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించాయి. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. భద్రాద్రి రాముడి సన్నిధిలో ఆస్థాన విద్వాంసుడిగా వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు 2022లో మరణానంతరం అదే గౌరవం దక్కింది. గుంటూరు, ప్రకాశం సీమల ముస్లిం కుటుంబాలు రాముడి కల్యాణంలో తరతరాలుగా సన్నాయి వాయించాయి. పల్లెపల్లెనా నాయీబ్రాహ్మణ కుటుంబాలు ఈ విద్యను కాపాడుతూ వచ్చాయి. తెలుగు పెళ్ళికి మంగళధ్వని ఇచ్చినవాళ్ళు వీళ్ళు.

సినిమా కూడా నాదస్వరానికి మేలు చేసింది. ‘మురిపించే మువ్వలు’లో ఎస్. జానకి గొంతుతో పోటాపోటీగా సాగిన నాదస్వరం కారుకురిచి అరుణాచలానిది. ఆ పాట వాయించమని పెళ్ళిళ్ళలో ఇప్పటికీ అడుగుతారు. వాయించడం తేలిక కాదు. జానకి గొంతు ఎక్కిన మెట్లన్నీ ఎక్కి, ఆపైన వాద్యం తన మెట్టు తాను ఎక్కాలి.

కొత్త పెళ్ళిళ్ళు, పాత మేళం

ఇప్పుడు పెళ్ళిళ్ళకు థీమ్‌లు వచ్చాయి. ఉదయపూర్ కోటలో, గోవా తీరంలో, విశాఖ బీచ్‌లో, రామోజీ ఫిల్మ్ సిటీలో, హైదరాబాద్ శివారు రిసార్టుల్లో పందిళ్ళు లేస్తున్నాయి. బరాత్‌కు కేరళ చెండమేళం, నాసిక్ ఢోల్ వస్తాయి, తెలంగాణలో తీన్‌మార్ సరేసరి. ముందు రాత్రి సంగీత్, మరునాడు హల్దీ, డీజే. వీటి మీద నాకు కోపం లేదు. పిల్లలు ఆడాలి, పాడాలి. పెళ్ళికి వచ్చిన ప్రతి వాద్యమూ కళాకారుడి కడుపు నింపేదే. పల్లెటూరి థీమ్ పెట్టిన కొందరు పాత పెళ్ళి పాటలు ఏరి మరీ వాయించమంటున్నారు. అలాంటి చోట మేళంవాళ్ళకు పూట గడవడంతో పాటు మనసూ నిండుతుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, సన్నాయిని అలంకారంలో ఒక వస్తువుగా లెక్కగట్టినప్పుడు. ఫొటోలో బాగుంటుందని మేళాన్ని ముఖద్వారం దగ్గర పూలతోరణం కింద కూర్చోబెడతారు. మండపం అక్కణ్ణుంచి కనిపించదు. ఇక పురోహితుడి సైగ ఎవరు చూడాలి? చేతిలో వాకీటాకీ పట్టుకున్న కార్యక్రమ నిర్వాహకుడు వచ్చి ‘ఇప్పుడు వాయించండి’ అంటాడు. ఆయన చూసేది కెమెరాను. మేళం చూడవలసింది ముహూర్తాన్ని. రెండింటికీ పొంతన కుదరక, ప్రవర సగంలో ఉండగా సన్నాయి లేచిన పెళ్ళిళ్ళూ ఉన్నాయి, తాళి కట్టేశాక డోలు మోగిన పెళ్ళిళ్ళూ ఉన్నాయి.

చల్లటి ఏసీ హాలు ఇంకో పరీక్ష. ఊదే వాద్యం గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. పక్కన మోగే శ్రుతిపెట్టె దిగదు. వాద్యం ఊపిరితో వేడెక్కేదాకా ఆ తేడాను విద్వాంసుడు పెదవులతో భరించాలి. ఆరుబయట నాలుగు వీధులకు వినిపించేలా పుట్టిన వాద్యానికి మూసిన హాల్లో మైకు దగ్గరగా పెడితే చెవులు గింగిర్లెత్తుతాయి. తప్పు వాద్యానిదని అనుకుంటారు. మైకును నాలుగడుగుల దూరం జరిపితే అదే నాదం కమ్మగా ఉంటుంది.

లైవ్ కచేరీల్లో బ్యాండుతో, కీబోర్డుతో కలిపి నాదస్వరం వాయించడం ఈ తరం విద్వాంసులకు దొరికిన మంచి అవకాశం. గాయకుడు తన శ్రుతిని ఒక మెట్టు మార్చుకోగలడు. నాదస్వరం శ్రుతి దాని కర్ర పొడవులో ఉంటుంది. పాటను దాని శ్రుతికే తేవాలి. ఈ సంగతి తెలిసిన బ్యాండు ముందుగా విద్వాంసుణ్ణి అడిగి పాటను అమర్చుకుంటుంది. అలాంటి కచేరీలో పదిహేనేళ్ళ పిల్లలు కూడా లేచి నిలబడి చప్పట్లు కొడతారు. మంగళూరు ప్రాంతానికి చెందిన కద్రి గోపాల్‌నాథ్ నాదస్వర విద్వాంసుడి కొడుకు. ఆయన శాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీశాక ఆ వాద్యం మన పెళ్ళిపందిళ్ళలోకీ వచ్చేసింది. సంప్రదాయం కొత్తదాన్ని రానిస్తుంది. అడిగేదల్లా రాగం తెలియాలనీ, సమయం తెలియాలనీ.

రికార్డు చేయలేని పని

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్ళి అయితే మేళాన్ని ఇక్కణ్ణుంచి రప్పించడం అందరికీ కుదరదు. రికార్డు పెట్టుకుంటారు, పెట్టుకోక తప్పదు. కానీ రికార్డుకు ముందుచూపు ఉండదు. మంగళసూత్రం ముడి పడటానికి వరుడి చేతులు తడబడితే మేళం ఇంకో ఆవర్తం సాగదీస్తుంది. మూడు ముళ్ళూ పడ్డాక ముక్తాయిస్తుంది. రికార్డు మధ్యలోనే అయిపోతుంది, లేదా తాళి కట్టాక కూడా మోగుతూనే ఉంటుంది. స్థోమత ఉన్న ఊళ్ళలో, విద్వాంసులు పక్క వీధిలోనే ఉన్న ఊళ్ళలో కూడా స్పీకరుతో సరిపెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే నాదస్వర, డోలు పాఠశాలలో పిల్లలు నేటికీ సాధకం చేస్తున్నారు. చదువు పూర్తయ్యాక వాళ్ళందరికీ గుడిలో ఉద్యోగాలు దొరకవు. కచేరీలు ఇంకా తక్కువ. ఈ విద్యకు అన్నం పెట్టేది పెళ్ళిళ్ళే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తేనే వాళ్ళ ఇళ్ళలో సందడి. ఆషాఢంలో, మూఢంలో పీకలు తడారిపోయి ఉంటాయి.

అందుకని పెళ్ళి తలపెట్టిన ప్రతి ఇంటికీ నా విన్నపం ఇది. లగ్నపత్రిక రాయించిన వారంలోనే మేళానికి తాంబూలమిచ్చి బయానా ఇవ్వండి. మండపం నమూనా గీసేవాళ్ళకు, పురోహితుడు కనిపించే చోటు మేళానిదని ముందే చెప్పండి. ముహూర్తానికి ముందు అరగంటా, తర్వాత అరగంటా డీజేను ఆపించండి. నిర్వాహకుణ్ణి, పురోహితుణ్ణి, సన్నాయి విద్వాంసుణ్ణి ముందురోజు ఒకచోట కూర్చోబెట్టి, సైగ ఇచ్చేది పురోహితుడొక్కడేనని ఖాయం చేయండి. వేడి భోజనం మొదటి బంతిలోనే వాళ్ళకు వడ్డించండి. ఎక్కువ ఖర్చులేని పనులు ఇవి. ఇవి జరిగిన పెళ్ళి ఏ థీమ్‌లో జరిగినా తెలుగు పెళ్ళే అవుతుంది, ఆ మేళగాడి కొడుకు కూడా పీక పట్టడానికి ముందుకొస్తాడు.