కుక్క బొమ్మ అంగీ

మాకు పొద్దున పదకొండు, జగిత్యాలలో రాత్రి తొమ్మిదిన్నర. బాపు వీడియో కాల్ చేశాడు. బుధవారం నాడు ఆ వేళకు నేను ఆఫీసులో ఉండాలి. వెనకాల రెండొందల మంది పిల్లల గోల వినబడేసరికి ఆయన ముఖం ఫోనుకు ఇంకాస్త దగ్గరికొచ్చింది.

“ఏడున్నవ్‌రా?”

“పిల్ల బళ్లె ఉన్న బాపూ.”

“ఏమైంది పిల్లకు?”

“ఏం గాలె. నేనే అచ్చిన. పొద్దుమీకేదాంక ఈడనే ఉంట.”

కాసేపు మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: “కొలువు గిట్ల పోయిందారా? ఉన్నదున్నట్టు చెప్పు. ఆ అంగీ మీద కుక్క బొమ్మేంది?”

కొలువు పోలేదు. ఒకరోజు సెలవు పెట్టి మా అమ్మాయి బడికి వాలంటీరుగా వెళ్లాను. ఆ కార్యక్రమం పేరే ‘వాచ్ డాగ్స్’. గొప్ప విద్యార్థుల నాన్నలు అని ఇంగ్లీషులో రాసి మొదటి అక్షరాలు కలిపితే ‘డాగ్స్’ అవుతుంది. 1998లో ఆర్కన్సా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో మొదలై దేశమంతా పాకింది. తండ్రి ఏడాదికి కనీసం ఒక్క రోజు బడిలో ఉండాలి, అంతే. పొద్దున కార్ల వరుసలో తలుపులు తీసి పిల్లలను దించాలి. బడి చుట్టూ తిరిగి బయటి తలుపులన్నీ సరిగా మూసి ఉన్నాయో లేదో లాగి చూడాలి. ఆ పని ఎందుకు పెట్టారో అమెరికా వార్తలు చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు. తర్వాత రెండో తరగతి పిల్లాడి పక్కన కూర్చుని వాడు చదివేది వినాలి. ఇక భోజనాల వేళ కెచప్ ప్యాకెట్లు చింపాలి. పదిహేనేళ్లుగా కోడ్ రాస్తున్నాను గానీ ఒక్క అరగంటలో అంతమంది నాకు థ్యాంక్స్ చెప్పడం అదే మొదటిసారి.

బాపుకు ఇదంతా చెబితే నవ్వాడు కానీ నమ్మలేదు. నా పదేళ్ల చదువులో ఆయన బడికి వచ్చింది రెండుసార్లు. ఒకటో తరగతిలో వేసిన రోజు, “తోలు దీసినా మంచిదే సారూ, కండ్లు ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి” అని అప్పజెప్పి పోయాడు. మళ్లీ పదిలో నాకు లెక్కలు తప్పినప్పుడు వచ్చాడు. బడి నుంచి ఇంటికి కబురొచ్చిందంటే పిల్లాడు ఏదో వెధవ పని చేశాడని అర్థం. సారు పని సారుది, మన పని మనది. ఆ నమ్మకాన్ని సూట్‌కేసులో పెట్టుకునే నేనూ డాలస్‌కు ఉత్తరాన ఈ ఊళ్లో దిగాను.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టరు ఉండే జిల్లా కాదు. అది బడుల కోసమే గీసుకున్న ఒక చిన్న రాజ్యం. అమెరికాలో ఇలాంటివి దాదాపు 13,000, ఒక్క టెక్సాస్‌లోనే వెయ్యికి పైగా. ఇక్కడ పేరులోనే ‘ఇండిపెండెంట్’ అని ఉంటుంది. మునిసిపాలిటీ మాట చెల్లదు. పన్ను తనే వేసుకుంటుంది, జనం ఎన్నుకున్న బోర్డు నడుపుతుంది. సాధారణంగా ఏడుగురు సభ్యులు, చట్టప్రకారం ఒక్క డాలరు జీతం ఉండదు. ఒకే వీధిలో ఈ వరుస ఇళ్లు ఒక డిస్ట్రిక్ట్, ఆ వరుస ఇళ్లు ఇంకో డిస్ట్రిక్ట్ కావచ్చు. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు వాస్తు కంటే ముందు అడిగేది ఆ గీత ఎక్కడుందనే.

మా అమ్మాయిని బడిలో వేసిన రోజున పుట్టిన సర్టిఫికెట్, టీకాల కార్డు, అద్దె కాగితం, కరెంటు బిల్లు అడిగారు. వీసా ఊసే ఎత్తలేదు. నాకు ఆశ్చర్యమేసింది. వెనక కథ తర్వాత తెలిసింది. మాకు తూర్పున ఉన్న టైలర్ అనే ఊళ్లో, సరైన కాగితాలు లేని పిల్లలు చదవాలంటే ఏడాదికి వెయ్యి డాలర్లు కట్టమన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. అలాంటి పిల్లలకు ఉచిత బడి కాదనడం చెల్లదని 1982లో తీర్పొచ్చింది. ఆ పిల్లల పుణ్యాన తలుపు ఇంత వెడల్పుగా తెరుచుకుంది. మనం మాత్రం గుమ్మంలో పిల్లను దించి కారు తిప్పుకుంటున్నాం.

ఇక్కడ బడి ఆగస్టులోనే మొదలైనా, ఊరికి బడి గాలి తగిలేది ఆకులు రాలే కాలంలోనే. పుస్తకాల సంత, టీచరుతో ముఖాముఖి, మాదకద్రవ్యాలకు వ్యతిరేకంగా అక్టోబరు చివర ఎర్ర రిబ్బన్ల వారం, నవంబరులో ఓట్లు. వారం వారం ఈమెయిల్లో వార్తల చిట్టా వస్తుంది. దాని అడుగున సైన్-అప్ పట్టిక ఉంటుంది, ఎవరేం తెస్తారో, ఎవరెప్పుడు వస్తారో పేరు రాసుకోవడానికి. ఆ పట్టిక చదవడమే ఒక విద్య. పేపర్ ప్లేట్లు, న్యాప్‌కిన్లు, నీళ్ల సీసాల గడులు ఐదు నిమిషాల్లో నిండిపోతాయి. చూస్తే రెడ్డిగార్లు, రావుగార్లు, నేను. కింద ‘బుధవారం పదిన్నర నుంచి పదకొండున్నర, కాఫెటీరియా’ గడి వారమంతా ఖాళీగా ఉంటుంది. డబ్బు పెట్టడానికి మనవాళ్లు వెనకాడరు. గంట పెట్టమంటేనే గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. నేనేదో వేరని కాదు, మూడేళ్లు న్యాప్‌కిన్ల దాతనే.

నన్ను లోపలికి లాగింది చేమంతి పువ్వు.

మా పెద్దవాడు హైస్కూలుకు వచ్చాడు. టెక్సాస్‌లో హోమ్‌కమింగ్ అని ఒక పండుగ ఉంది. పాత విద్యార్థులు బడికి తిరిగొస్తారు, శుక్రవారం రాత్రి బడి జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది. ఆ రోజు ఆడపిల్లలు ‘మమ్’ అనే ఒక వింత ఆభరణం వేసుకుంటారు. మమ్ అంటే క్రిసాంథిమమ్, మన చేమంతి. ఒకప్పుడు నిజం పువ్వే గుచ్చుకునేవాళ్లు. ఇప్పుడు పట్టు చేమంతి, దాని చుట్టూ మోకాళ్ల దాకా వేలాడే రిబ్బన్లు, మువ్వలు, ఎలుగుబంటి బొమ్మలు, మిణుకుమనే లైట్లు. కొన్ని మరీ బరువై మెడలో తగిలించుకోవాల్సి వస్తుంది. బయట కొంటే వందల డాలర్లు. అందుకే బడి పిల్లల కోసం డబ్బు పోగుచేసే తల్లులు ఒకరింట్లో కూడి, వేడి జిగురు తుపాకులు పట్టుకుని వీటిని చేసి అమ్ముతారు. మావాడు ఉన్నది బడి బ్యాండులో. బ్యాండు తల్లులు పిలిస్తే మా ఆవిడ మొహమాటంగా వెళ్లింది.

రెండు వారాల కిందే బతుకమ్మ పేర్చిన చేతులు. చేమంతి ఏ వరుసలో ఉంటే నిండుగా కనబడుతుందో వాటికి ఒకరు చెప్పాలా? సాయంత్రానికల్లా ఆ బల్ల దగ్గర పెద్దరికం ఆమెదే అయింది. ఇరవై ఏళ్లుగా మమ్‌లు చేస్తున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, రిబ్బను జడ అల్లడం ఈమెకు నేర్పి, బతుకమ్మ ఫొటోలు చూపించుకుందట. మరుసటి వారం మా వంతు. బ్యాండు పోటీల్లో మైదానంలోకి పెద్ద పెద్ద రంగస్థలపు అట్టలు నెట్టాలి, ఒక్క నిమిషంలో. ఆ పని తండ్రులది. నా పక్కన తోసింది ఒక ప్లంబరు, ఒక పంటి డాక్టరు, గుంటూరు నుంచి వచ్చిన ఒక డేటాబేస్ మనిషి. అమెరికాలో పదకొండేళ్లున్నాక, ఒక ప్లంబరుతో పని చెప్పడానికి కాక మాట్లాడటానికి మాట్లాడింది ఆ రోజే. ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ అది నిజం.

హాజరు సంగతి కూడా ఆ మైదానంలోనే చెవిన పడింది. టెక్సాస్ ప్రభుత్వం బడికి డబ్బిచ్చేది పేర్ల లెక్కన కాదు, రోజువారీ హాజరు లెక్కన. ఒక్కో పిల్లాడికి ఏడాదికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2025లో దానికి 55 చేర్చారు. ధరలు పెరిగిన తీరు చూస్తే అది పెంపు అనడానికి నోరు రాదు. మేమేమో అంతకుముందు ఏడాది చెల్లెలి పెళ్లి, సంక్రాంతి కలిపి, సెలవులు కాక పదిహేను బడి రోజులు ఊళ్లో గడిపాం. పిల్ల హాజరు గురించి ఉత్తరం వస్తే చిరాకుపడ్డాను: నా పిల్ల, నా టికెట్టు, వీళ్లకేం? తీరా లెక్క కడితే మా పెళ్లి భోజనానికి బడి సుమారు ఐదొందల డాలర్లు కట్నం చదివించింది. అలాంటి ఇళ్లు మా వీధిలోనే పది. నేనేం పెళ్లిళ్లు మానమనను, బాపు నన్ను ఇంట్లోకి రానివ్వడు. అయితే అక్టోబరులో చివరి శుక్రవారం బడిలో ఎవరెవరు నమోదై ఉన్నారో రాష్ట్రం లెక్క తీసుకుంటుంది. దసరాకు పోయి ఇంకా తిరిగిరాని వాళ్లు ఆ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

నవంబరు ఓటు దగ్గర మాత్రం నా కడుపు మండుతుంది. కొత్త బడి కట్టాలన్నా, కప్పు మార్చాలన్నా డిస్ట్రిక్ట్ అప్పు చేయాలి, దానికి జనం ఓటేయాలి. రాష్ట్ర చట్టం 2019లో మారినప్పటి నుంచి ఆ బ్యాలెట్ మీద ‘ఇది ఆస్తిపన్ను పెంపు’ అని పెద్దక్షరాల్లో రాయాలి, పన్ను రేటు పెరగకపోయినా సరే. కూలిపోయే కప్పు పక్కన ఆ ముక్క చదివి ఎవరు ఊ అంటారు? టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కనుక ఇంటిపన్ను బరువు ఎక్కువ. నేను కట్టేదాంట్లో పెద్ద వాటా బడికే పోతుంది. ఓటు మాత్రం లేదు, గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డవాణ్ని కదా.

ఓటు లేకపోయినా మూడు నిమిషాలున్నాయి. బోర్డు సమావేశంలో ఎజెండాలో ఉన్న ఏ విషయం మీదైనా, బోర్డు నిర్ణయానికి ముందే జనానికి మాట్లాడే హక్కు టెక్సాస్ చట్టంలో ఉంది. పౌరుడా కాదా అని ఎవరూ అడగరు. ఆ ఏడాది బడుల సరిహద్దులు మారుస్తున్నారని మా వీధి వాట్సాప్ గ్రూపు ఒకే రాత్రి నాలుగొందల మెసేజీలతో ఊగిపోయింది. సమావేశానికి వెళ్లింది ముగ్గురం. పిల్లల స్నేహాలు చెదిరిపోతాయని కన్నీళ్లొచ్చేలా రాసుకున్నాను. రాసింది స్నేహాల గురించే, మనసులో ఉన్నది ఇంటి ధర. ఎదురుగా ఎర్ర లైటు వెలిగేసరికి సగంలోనే ఆగిపోయాను. బోర్డువాళ్లు తలలూపారు తప్ప వాదించలేదు.

నా తర్వాత ఒక ముసలాయన లేచాడు. పిల్లలు ఆ బడులు దాటి ముప్పై ఏళ్లయిందట. కొత్త గీత ప్రకారం ఏ పిల్లలు ఏ రోడ్డు దాటాల్సి వస్తుందో, అక్కడ పొద్దున ఎన్ని ట్రక్కులు పోతాయో తనే నిలబడి లెక్కపెట్టి తెచ్చిన కాగితం చదివాడు. ఒక్క నిమిషం మిగిలింది ఆయనకు. గీత మేం అడిగినట్టు మారలేదు, మా వీధి అవతలి బడికే పోయింది. ఆ రోడ్డు మీద మాత్రం ఇప్పుడు పొద్దున, సాయంత్రం పిల్లలను దాటించే మనిషి నిలబడుతోంది. మా అమ్మాయికి రెండు వారాల్లో కొత్త స్నేహితులు దొరికారు.

మన దగ్గరా ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంటుంది, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులను బడికి పిలిచారు. బాపుకు చెప్పాను, మనవలు చదివే ఊరి బళ్లోనూ కమిటీ ఉంటుంది, ఒకసారి పోయి చూడమని. “నాకేం పనిరా ఆడ?” అన్నాడు. మొన్న మాత్రం ఫోన్ చేసి, బళ్లో మరుగుదొడ్డికి నీళ్లు రావట్లేదని, సర్పంచుతో గొడవపడి వచ్చానని గంటసేపు చెప్పాడు. చివర్లో అడిగాడు: “ఇయ్యాల కుక్కంగీ ఎయ్యలేదా?”

వచ్చే బుధవారం వేసుకోవాలి. ఇందాకే పట్టిక తెరిచి పేరు రాశాను. గురువారం పదిన్నర గడి ఇంకా ఖాళీగానే ఉంది. పేపర్ ప్లేట్లు అయిపోయాయి.